మొదటి ట్రాక్ ప్లాన్ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

ఆశీస్సులు. నువ్వు పంపిన వ్యాసమూ, దాంతో పాటు గీసిన ప్లానూ రెండూ శ్రద్ధగా చదివాను. మోడల్ రైల్వే గురించి తెలుగులో రాయడానికి పూనుకున్నావు, అది నాకు చాలా సంతోషం. వాక్యం నీ చేతిలో చక్కగా నడుస్తోంది. తేడా అంతా లెక్కలో వచ్చింది. ఎనిమిది బై నాలుగు అడుగుల ప్లైవుడ్ షీటు మీద జంట ట్రాకుల ఓవల్, స్టేషన్‌లో లూప్ లైను (ప్రధాన ట్రాకు నుంచి విడిపోయి మళ్లీ దానిలోనే కలిసే లైను), ఒక ట్రాకు మీదుగా ఇంకో ట్రాకు దాటే వంతెన, రైలు దిశ మార్చడానికి ఐమూలగా ఒక లైను, అన్నీ పెట్టావు. నిన్ను నమ్మి ఒకరు షీటు కొని, కోయించి, పట్టాలు పరుస్తారు. వాళ్ల రైలు ఎక్కడెక్కడ ఆగిపోతుందో నీ బొమ్మ చూసే చెప్పవచ్చు.

ఇలాంటి రచనకి వరస ముఖ్యం. ముందు తేల్చుకోవలసింది ముందు రాయాలి. నువ్వు మూడు పేరాలు స్టేషన్ భవనానికీ చెట్లకీ ఇచ్చి, వంపు వ్యాసార్ధాన్ని చివర్లో ఒక్క మాటతో సరిపెట్టావు. దాన్ని తిరగెయ్యి. మొదటి పేరాలోనే పాఠకుణ్ణి అడుగు: నువ్వు నడపబోయే వాటిలో అన్నిటికంటే పొడవైన కోచ్ ఏది? మిగతా ప్లానంతా ఈ జవాబు మీద ఆధారపడుతుంది.

స్కేళ్ల పట్టిక తీసెయ్. హెచ్‌ఓ స్కేల్ అంటే 1:87, అంటే అసలు రైలులో 87వ వంతు సైజు, ట్రాకు వెడల్పు 16.5 మి.మీ., అంతవరకు చాలు. మన బ్రాడ్‌గేజ్ 1676 మి.మీ. దాన్ని 87తో భాగిస్తే 19.3 వస్తుంది. అంగట్లో దొరికే 16.5 మి.మీ. ట్రాకు 1435 మి.మీ. స్టాండర్డ్ గేజ్ కోసం చేసింది, మన రైళ్ల నమూనాలు కూడా దాని మీదే నడుస్తాయి. ఈ సంగతి రెండు వాక్యాల్లో చెప్పి ముందుకు సాగు. ఇక్కడ ఆగిపోయి వాదించే వ్యాసాలు ట్రాకు పరిచే దాకా రావు.

ఇప్పుడు కోచ్ లెక్క. మన రైళ్లలో పాత రకమైన ఐసీఎఫ్ కోచ్ బాడీ పొడవు సుమారు 21.3 మీటర్లు, హెచ్‌ఓలో 245 మి.మీ. కొత్త రకమైన ఎల్‌హెచ్‌బీ 23.5 మీటర్లు, హెచ్‌ఓలో 270 మి.మీ. వంపు వ్యాసార్ధం కోచ్ పొడవుకి మూడు రెట్లుంటే ఏ బెడదా లేకుండా నడుస్తుందని మోడలర్లలో వాడుకలో ఉన్న లెక్క. రెండు రెట్లకి దిగితే కొన్ని కోచ్‌లు నడుస్తాయి, కొన్ని కప్లింగ్ దగ్గర ఒకదాన్నొకటి పక్కకు నెట్టుకుని పట్టా తప్పుతాయి. ఐసీఎఫ్‌కి మూడు రెట్లంటే 735 మి.మీ. షీటు వెడల్పు 1220. అంచు నుంచి ట్రాకు మధ్యగీత దాకా కనీసం 50 మి.మీ. వదలాలి, లేకపోతే పట్టా తప్పిన ఇంజన్ నేరుగా నేల మీదే పడుతుంది. రెండు అంచులూ పోను 1120 మిగులుతుంది, అందులో సగం 560. నాలుగడుగుల షీటు మీద హెచ్‌ఓకి అంతకు మించిన వ్యాసార్ధమున్న వంపు పట్టదు. కోచ్ పొడవుకి అది రెండుంపావు రెట్లు మాత్రమే. నడుస్తుంది గానీ, ట్రాకు జాగ్రత్తగా పరిస్తేనే. ఇదంతా అంకెలతో సహా రాయి. "వంపు వీలైనంత పెద్దదిగా ఉండాలి" అన్న నీ వాక్యంతో పాఠకుడు షీటు మీద ఒక్క గీత కూడా గీయలేడు.

అదే షీటు మీద ఇంకా చిన్నదైన ఎన్ స్కేల్ అయితే పరిస్థితి మారిపోతుంది. 1:160లో ఐసీఎఫ్ కోచ్ 133 మి.మీ., మూడు రెట్లు 400. మిగిలిన చోటులో స్టేషన్ యార్డు కూడా పెట్టవచ్చు. ఎన్‌లో ట్రాకు వెడల్పు 9 మి.మీ., చక్రాలు చిన్నవి, పట్టాల మీద చిన్న దుమ్ముకే ఇంజన్ ఆగుతుంది. చిన్న ఫ్లాట్‌లో ఉండేవాళ్లకు నేనైతే ఎన్ స్కేలే చెబుతాను. నీ అభిప్రాయం ఏదైనా, కారణంతో పాటు స్పష్టంగా రాయి. రెండూ మంచివే అని తప్పుకోకు.

జంట ట్రాకుల దగ్గర నీ ప్లాన్‌లో పెద్ద ప్రమాదం ఉంది. రెండు ట్రాకుల మధ్య 50 మి.మీ. అని వేశావు. తిన్నని చోట అది బాగానే ఉంటుంది, వంపులో కుదరదు. వంపులో కోచ్ నడుము లోపలికి జరుగుతుంది, మూలలు బయటికి పొడుచుకొస్తాయి. ఎంతన్నది లెక్కగట్టవచ్చు. కోచ్ కింద రెండు చక్రాల సెట్లు తిరిగే పివట్ల మధ్య దూరాన్ని వర్గం చేసి, వ్యాసార్ధానికి ఎనిమిది రెట్లతో భాగిస్తే నడుము జరిగే దూరం వస్తుంది. ఐసీఎఫ్‌లో ఆ పివట్ల దూరం హెచ్‌ఓ కొలతలో 170 మి.మీ. 560 వంపులో నడుము దాదాపు 6.5 మి.మీ. లోపలికి వస్తుంది. మూలలకైతే కోచ్ పొడవు వర్గంలోంచి పివట్ల దూరం వర్గాన్ని తీసేసి అలాగే భాగించాలి. లోపలి ట్రాకు 510 వంపులో అది 7.6 మి.మీ. కోచ్ వెడల్పు 37. మూడూ కలిపితే 51 దాటింది, నువ్వు వదిలింది 50. ఎదురెదురుగా వచ్చే రెండు రైళ్లు సరిగ్గా వంపు నడిమధ్యలో రాసుకుంటాయి. సెట్ ట్రాక్ (స్థిరమైన వంపుల్లో, పొడవుల్లో ముక్కలుగా అమ్మే ట్రాకు) తయారీదారులు జంట వంపుల మధ్య 67 మి.మీ. ఉంచేది ఇందుకే. హార్న్‌బీ కంపెనీ వంపులు 371, 438, 505, 571 అని ఆ తేడాతోనే పెరుగుతాయి.

ఈ సూత్రం అందరికీ ఎక్కదు. అట్టముక్క పద్ధతి కూడా పక్కనే రాయి. 245 పొడవు, 37 వెడల్పు అట్టముక్క కోసి, మధ్యగీత మీద 170 మి.మీ. దూరంలో రెండు గుండుసూదులు గుచ్చాలి. బ్రౌన్‌పేపరు మీద వంపును అసలు సైజులో గీసి, రెండు సూదులూ గీత మీదే ఉండేలా ముక్కను జరుపుతూ పోతే మూలలు ఎంత బయటికొస్తాయో కళ్లకు కనిపిస్తుంది. ప్లాట్‌ఫారం అంచు, సొరంగం గోడ, సిగ్నల్ స్తంభం ఎక్కడ పెట్టాలో కూడా ఇదే తేలుస్తుంది. వంపు గీయడానికి 600 మి.మీ. పొడవున్న సన్నని చెక్కపట్టీ చాలు. ఒక చివర మేకు, 560 దగ్గర పెన్సిల్ పట్టే కన్నం.

ఇక వంతెన. కింది పట్టా పైభాగం నుంచి వంతెన అడుగు దాకా 76 మి.మీ. ఖాళీ ఉండాలి. వంతెన మందం, పై ట్రాకు మందం కలిపితే ఎక్కవలసిన ఎత్తు దాదాపు 90. వాలు నూటికి రెండు అనుకుంటే ఎక్కడానికి 4.5 మీటర్లు, దిగడానికి మరో 4.5. నీ ఓవల్ చుట్టుకొలత చూద్దాం. 560 వంపు పూర్తి వృత్తం 3.52 మీటర్లు, తిన్నని భాగాలు రెండూ కలిపి 2.44, మొత్తం 6 మీటర్లకు కాస్త తక్కువ. దాన్ని ఎనిమిది అంకెలా మెలితిప్పినా 9 మీటర్లు రావు. నూటికి నాలుగు వాలైతే సరిపోతుంది, కానీ ఆ వాలులో సగం వంపుల మీదే పడుతుంది. వంపు లాగుడు వాలు లాగుడికి తోడై ఇంజన్ చక్రాలు ఉన్నచోటే జారుతూ తిరుగుతాయి. ఒక ట్రాకును సగం లేపి, ఇంకోదాన్ని సగం దింపితే చాలదా అని చాలామంది అనుకుంటారు. చాలదు. వంతెన మీది నుంచి బయల్దేరిన ట్రాకు అదే వంతెన కిందికి రావడానికి 90 మి.మీ. దిగి తీరాలి, ఎవరు ఎంత లేపినా ఆ దూరం తగ్గదు. మొదటి ప్లాన్‌లో వంతెన కావాలంటే ట్రాకు చదునుగానే ఉంచి, దాని కింద వాగు తవ్వించు. ప్లైవుడ్ కోసి పల్లం చేయడం వాలు కట్టడం కంటే చాలా తేలిక.

స్టేషన్ లూప్‌లో నాలుగు కోచ్‌ల రైలు ఆగుతుందని రాశావు. తిన్నని భాగం 1220 మాత్రమే. రైలును ఒక ట్రాకు నుంచి ఇంకోదానికి మళ్లించే ముక్కే పాయింటు; పీకో కంపెనీ చిన్న పాయింటు పొడవు 185. 50 మి.మీ. పక్కన సమాంతరంగా చేరే సరికి ఒక్కో కొసలో రెండు పాయింట్లంత దూరం, అంటే 370 పోతుంది. మధ్యలో మిగిలేది అర మీటరు చుట్టుపక్కల. బఫర్లతో కలిపి ఐసీఎఫ్ 256 మి.మీ., కాబట్టి రెండు కోచ్‌లు పట్టడమే కష్టం. లూప్ పొడవంటే పాయింటు నుంచి పాయింటుకి కొలిచేది కాదు, పక్క ట్రాకు మీద వెళ్లే రైలుకి తగలకుండా నిలబడగలిగే చోటు. నీ పాఠకులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే కాబట్టి, ఈ భాగానికి ప్రత్యేకంగా ఒక బొమ్మ వేయి.

పాయింట్ల సంగతిలో ఇంకొకటి. ఒక ట్రాకు నుంచి పక్క ట్రాకుకి మారేటప్పుడు రైలు ముందు ఒక వైపు, వెంటనే రెండో వైపు వంగుతుంది. సెట్ ట్రాక్ పాయింట్లు 22.5 డిగ్రీలు, 438 వంపు. పొడవైన కోచ్‌లు వాటిమీద బఫర్లు మెలిపడి పట్టా తప్పుతాయి. 12 డిగ్రీల పాయింట్లు వాడమని చెప్పు, వీలైతే 914 మి.మీ. వ్యాసార్ధమున్న మీడియం రకం. ఎదురు వంపులు ఎక్కడ వచ్చినా మధ్యలో ఒక కోచ్ పొడవు తిన్నని ట్రాకు వేయాలి. పీకో వాళ్లు పాయింట్ల అసలు సైజు బొమ్మలు ఉచితంగా ఇస్తారు. ప్రింట్ తీసి, స్కేలు పెట్టి కొలిచి చూసుకుని, షీటు మీద అతికించి చూశాకే కొనమను.

ఐమూల లైను గురించి ఒక్క హెచ్చరిక కూడా లేకుండా రాశావు. రెండు పట్టాల కరెంటులో రైలు వెనక్కి తిరిగి అదే ట్రాకులో కలిసే చోట కుడిపట్టా వెళ్లి ఎడమపట్టాను తాకుతుంది. కనెక్షన్ ఇవ్వగానే షార్ట్. ఆ లైను రెండు కొసల్లోనూ రెండు పట్టాలకీ ప్లాస్టిక్ జాయినర్లు పెట్టి వేరు చేయాలి. మామూలు డీసీలో దానికి విడిగా ఒక డీపీడీటీ స్విచ్ (పట్టాల ప్లస్, మైనస్‌లను తారుమారు చేసేది), డిజిటల్ సంకేతాలతో నడిపే డీసీసీలో అదే పని తనంతట చేసే ఆటో రివర్సర్ కావాలి. వేరు చేసిన ముక్క అన్నిటికంటే పొడవైన రైలు కంటే పొడవుండాలి, ఎందుకంటే లైట్లున్న కోచ్‌ల లోహపు చక్రాలు కూడా ఆ ఖాళీని కలిపేస్తాయి. నా మాట విని మొదటి ప్లాన్ నుంచి ఆ లైను తీసెయ్. దాని కోసం ఇంకో వ్యాసం రాద్దువుగాని.

బోర్డు గురించి నువ్వు రాసింది చాలావరకు బాగుంది. గోడకు ఆనించమన్నది మాత్రం మార్చు. చెయ్యి సుఖంగా అందేది 600 మి.మీ., ఒళ్లు వంచితే 750. 1220 వెడల్పు బోర్డు గోడకు ఆనితే అవతలి ట్రాకు మీద పడిన కోచ్‌ను తీయడం కుదరదు. పొడవు వైపులు రెంటా మనిషి నడిచే దారి ఉండాలి, లేదా బోర్డుకి చక్రాలుండాలి. షీటును అంగట్లోనే నాలుగు బై నాలుగు ముక్కలు రెండుగా కోయించమను, లిఫ్టులోనూ తలుపులోనూ పడుతుంది. అతుకు దగ్గర పాయింటు రాకూడదు, ట్రాకు అతుకును లంబకోణంలో దాటాలి. 12 మి.మీ. ప్లై, కింద 400 మి.మీ.కి ఒక అడ్డచెక్క. రెండు వైపులా పెయింటు వేయాలి. ఒక్క వైపే వేస్తే వేయని వైపు తేమ పీల్చి బోర్డు వంగుతుంది, కోస్తా ఊళ్లలో మరీను.

మన ఎండలకు సంబంధించినది ఒకటుంది. నికెల్ సిల్వర్ పట్టా వేడికి సాగుతుంది. జనవరి చలిలో పరిచిన 6 మీటర్ల ఓవల్ మే నెలలో 25 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే రెండున్నర మి.మీ. పెరుగుతుంది. జాయింట్లన్నీ బిగించి పరిస్తే ఆ పెరుగుదలకి చోటు లేక ట్రాకు పక్కకు ఉబ్బుతుంది. చలికాలంలో పరిచేవాళ్లు ఒక్కో జాయింటు దగ్గర అర మి.మీ. వదలాలి. మేలో పరిచేవాళ్లు ఖాళీ వదలనక్కర్లేదు. వంపులో మాత్రం ఈ ఖాళీ వద్దు. ఫ్లెక్స్ ట్రాకు (కావలసినట్టు వంచుకోగల ట్రాకు) ముక్కలు రెండు తిన్నగా ఉండగానే టంకం వేసి, ఆ తర్వాతే వంచాలి, లేకపోతే జాయింటు దగ్గర కోణం తేలుతుంది. ఖాళీలు తిన్నని భాగాల్లోకి నెట్టు. జాయినర్ల మీద కరెంటును నమ్మకుండా ప్రతి ముక్కకీ విడిగా వైర్లు ఇమ్మను.

అమెరికా నుంచి బంధువులు తెచ్చిన సెట్లు మన ఇళ్లలో చాలా ఉన్నాయి. వాటి పవర్ ప్యాక్ 120 వోల్టులది. మన 230కి నేరుగా పెడితే కాలిపోతుంది. ఈ వాక్యాన్ని వ్యాసంలో లావు అక్షరాల్లో వేయించు.

సామాన్ల జాబితాలో సంఖ్యలు ఇవ్వు. ఒక్క ఓవల్, ఒక లూప్‌కి 914 మి.మీ. ఫ్లెక్స్ ట్రాకు తొమ్మిది ముక్కలు, 12 డిగ్రీల పాయింట్లు ఎడమది ఒకటి, కుడిది ఒకటి. సెట్ ట్రాక్ వాడేవాళ్లకు 505 వంపులో 45 డిగ్రీల ముక్కలు ఎనిమిది, 335 మి.మీ. తిన్ననివి ఆరు. ఆ వంపు ఐసీఎఫ్‌కి రెండు రెట్లే అని పక్కనే చెప్పు.

చివరగా, షీటంత చోటు లేని పాఠకుడి కోసం రెండో ప్లాన్ ఒకటి చేర్చు. ఇంగ్లండ్‌లో అలన్ రైట్ రూపొందించిన ఇంగిల్‌నుక్ అనే షంటింగ్ ఆట ప్లాన్ నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు బల్ల మీద పడుతుంది, అంటే అదే షీటులో ఎనిమిదో వంతు. రెండే పాయింట్లు. ఒక సైడింగ్‌లో (వ్యాగన్లు నిలిపే పక్క లైనులో) ఐదు వ్యాగన్లు, మిగతా రెంటిలో మూడేసి, ఇంజన్ వైపు కొసలో ఇంజన్‌తో పాటు మూడు వ్యాగన్లు పట్టేంత చోటు. ఎనిమిది వ్యాగన్లలోంచి చీటీలు తీసి, వచ్చిన వరసలో ఐదింటిని కూర్చాలి. 6720 వరసలు సాధ్యం. నాలుగు చక్రాల పొట్టి వ్యాగన్లతోనే ఈ కొలతలు కుదురుతాయి, ఒక్కోటి 85 మి.మీ. దాటకూడదు. ఆ మాట వదిలేస్తే పాఠకుడు పొడవాటి వ్యాగన్లు కొనుక్కొచ్చి ఇబ్బంది పడతాడు.

ఈసారి పంపేటప్పుడు ప్లాన్ బొమ్మ మీద ప్రతి వంపుకీ వ్యాసార్ధం, ప్రతి సైడింగ్‌కీ నిలబడే పొడవు, అంచు నుంచి దూరం మి.మీ.లో వేసి పంపు. గీయడానికి ఎక్స్‌ట్రాక్‌క్యాడ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. అట్టముక్కతో అన్ని వంపులూ చూశాకే పంపు.

నీ శ్రేయోభిలాషి,
అన్నయ్య