పూలబొమ్మలు వేసే అమ్మలుకి

అమ్మలూ,

నువ్వు పంపిన గులాబీల బొమ్మ చూశాను. చెయ్యి బాగా తిరిగింది. కానీ ఆ పూలు ఎప్పుడు కోసినవో, ఇంకెంతసేపు ఉంటాయో బొమ్మలో తెలియడం లేదు. నాకు పూలబొమ్మలో అన్నిటికన్నా ముఖ్యం అదే.

ముందు ఫోన్లో ఫొటోలు చూసి వెయ్యడం మానెయ్. తెల్లారకుండానే కడియపులంక మార్కెట్‌కి వెళ్లి, బంతిపూల రాశి దగ్గర కాసేపు నిలబడు. అదే రాశిలోంచి ఒకరు పెళ్లిపందిరికి కొంటారు, ఇంకొకరు శవం మీదికి దండ కట్టించుకుంటారు. పువ్వు ఎక్కడుందన్నదాన్ని బట్టి బొమ్మకి అర్థం మారిపోతుంది. మల్లెలు జడలో ఉంటే ఒకటి, దిండు మీద నలిగి ఉంటే ఇంకొకటి. కోరిక గురించి వెయ్యడానికి సిగ్గుపడకు. మన్మథుడి ఐదు బాణాలూ పూలే కదా: అరవిందం, అశోకం, చూతం (మామిడిపూత), నవమల్లిక, నీలోత్పలం (నల్లకలువ).

వచ్చేటప్పుడు రెండు గుప్పెళ్ల మల్లెమొగ్గలు తెచ్చుకో. సాయంత్రం మొగ్గ, రాత్రి విచ్చిన పువ్వు, మర్నాడు వాడిన పువ్వు, మూడూ ఒకే కాగితం మీద వెయ్యి. తెల్లరంగు జోలికి పోకు, కాగితాన్నే తెలుపుగా వదిలెయ్. నీడకి కాస్త ఆకుపచ్చ కలిపిన పల్చటి బూడిదరంగు చాలు. వాడిన రేకంటే చాలామంది గోధుమరంగు పూసేసి ఊరుకుంటారు. దగ్గరగా చూడు: ముందు రేకు నలిగినచోట నీరుపట్టినట్టు పల్చబడుతుంది, తర్వాత అంచు లోపలికి ముడుచుకుంటుంది, రంగు మారేది ఆ తర్వాతే. ముడత సరిగ్గా పడితే రంగు లేకపోయినా వాడిందని తెలుస్తుంది.

డచ్ చిత్రకారుడు యాన్ వాన్ హైసమ్ పూలకుండీ బొమ్మ ఒకటి లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. దాని మీద 1736, 1737 రెండు సంవత్సరాలూ వేసి ఉంటాయి. ఒకే కాలంలో పూయని పూలని ఒక్క కుండీలో చేర్చాడు మరి. అలాంటి బొమ్మల్లో ఆ దేశపువాళ్లు రాలిన రేకో, పురుగు కొట్టిన ఆకో ఎక్కడో ఒకచోట పెట్టేవారు. ఇంత అందమూ నిలవదని చూసేవాళ్లకి అర్థమయ్యేది. నువ్వూ ఆ రేకు కోసం చోటు వదులు.

గులాబీలే వెయ్యాలని లేదు. మన కాలవల్లో గుర్రపుడెక్క పూస్తే ఒకటి తెంపి చూడు. లేత ఊదా రేకులు, పైరేకు మధ్యలో నీలం, దాని నడుమ పసుపు చుక్క. అందంగా ఉందని దక్షిణ అమెరికా నుంచి తోటలకి తెచ్చుకున్న మొక్క అది, ఇప్పుడు కాలవలకి అడ్డం పడి నీరు పారనివ్వడం లేదు. మోజు ఏం చేస్తుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి పువ్వు మన డెల్టాలో నాకు కనబడలేదు. దీని మీద ఒక పెద్ద బొమ్మ వెయ్యి, నా కోరిక అనుకో.

రంగుల సంగతి ఒక్కటి. వాన్ గో 1888లో పొద్దుతిరుగుడు పూలు వేసిన క్రోమ్ పసుపు కాలక్రమంలో గోధుమరంగులోకి తిరుగుతోంది. మనకి దొరికే చవక గులాబీరంగులు ఎండకి ఇంకా తొందరగా వెలిసిపోతాయి. కాగితం ముక్క మీద పూసి, సగం మూసి, కిటికీలో కొన్ని వారాలు ఉంచు. రెండు సగాలూ ఒకేలా ఉంటేనే ఆ ట్యూబు కొను.

ఈసారి రాజమండ్రి వచ్చినప్పుడు దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్తాను. 28 నిండకుండానే మశూచితో పోయిన ఆ చిత్రకారుడు ఎంత పని చేసి వెళ్లాడో చూద్దువుగాని. వచ్చేటప్పుడు మల్లెల కాగితం తప్పకుండా తీసుకురా, సగంలో ఉన్నా సరే.

దీవెనలతో,
పెదనాన్న