వాక్-ఆన్ ఆటగాడికి కోచ్ ఇచ్చే స్కాలర్‌షిప్ మాట ఎంతవరకు నమ్మవచ్చు?

నమస్కారమండీ. టెక్సస్‌లోని ఒక డివిజన్ వన్ (అమెరికా కళాశాల క్రీడల్లో పై శ్రేణి) విశ్వవిద్యాలయపు టెన్నిస్ కోచ్ మీ అబ్బాయిని వాక్-ఆన్‌గా, అంటే స్కాలర్‌షిప్ లేకుండా, జట్టులోకి పిలిచి, "రెండో ఏడాది చూద్దాం" అన్నారని, ఆ మాట మీద వేరే కళాశాల ఇస్తున్న మెరిట్ సాయాన్ని వదులుకోవచ్చా అని అడిగారు. దయచేసి వదులుకోవద్దు. ఆర్థిక సాయ ఒప్పందం రాతపూర్వకంగా చేతికి వచ్చేవరకు ఆ మాటను లెక్కలో వేసుకోకూడదు. ఒప్పందం కుదిరాక మాత్రం దాని గడువు లోపల ఆట తగ్గిందనో గాయమైందనో కోత పెట్టడానికి నిబంధనలు ఒప్పుకోవు.

నిజానికి ఇప్పుడు డబ్బు కన్నా జట్టులో చోటే పెద్ద చిక్కు. కళాశాల క్రీడాకారులకు చెల్లింపులపై నడిచిన దావాలో కుదిరి, 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ ఒప్పందంలో చేరిన విశ్వవిద్యాలయాల్లో, పురుషుల టెన్నిస్‌కు ఉన్న 4.5 స్కాలర్‌షిప్పుల పరిమితి పోయి, జట్టులో 10 మందికి మించకూడదన్న పరిమితి వచ్చింది. ఆ పదిమందికీ పూర్తి సాయం ఇచ్చే వీలుంది గానీ, ఇచ్చి తీరాలన్న నిబంధన లేదు. బదిలీపై మెరుగైన ఆటగాడు వస్తే, సాయం లేని పిల్లవాడి చోటుకే ముందు ముప్పు వస్తుందని నా భయం. అందువల్ల తమ విశ్వవిద్యాలయం హౌస్ ఒప్పందంలో చేరిందా, పదిమందిలో మీ అబ్బాయి పేరు ఖాయమేనా, ఇదివరకటి వాక్-ఆన్‌లలో ఎవరికైనా సాయం అందిందా అని కోచ్‌ను ఈమెయిల్‌లోనే అడిగి, జవాబును దాచుకోండి. అక్కడే చదువు ఆధారంగా మెరిట్ సాయం దొరుకుతుందేమో కూడా ఆర్థిక సాయ కార్యాలయంలో కనుక్కోండి. అది జట్టులో చోటుతో ముడిపడి ఉండదు.