పర్లాకిమిడికి మారిపోవడం మంచిదేనా?

రిటైరయ్యాక శ్రీకాకుళం నుంచి ఒడిశాలోని పర్లాకిమిడికి మారదామనుకునేవాళ్లకు నా జవాబు: మారవచ్చు, ముఖ్యంగా ఊరి సందడి కావాలి కానీ నగరం టెన్షన్ వద్దనుకుంటే.

మొదటి కారణం బజారు. ఇటు మైదానం, అటు సవరల కొండలు. మధ్యలో ఈ ఊరు. చింతపండు, పసుపు, జీడిపిక్కలు, సీజన్‌లో అనాసపళ్లు కొండ పల్లెల నుంచి దిగుతాయి. కొమ్ముతో బొమ్మలు చెక్కే పనికి కూడా ఈ ఊరికి పేరుంది.

రెండోది భాష. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఊరు అటు వెళ్లింది, తెలుగు మాత్రం ఇక్కడే ఉండిపోయింది. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు బడిపంతులుగా పనిచేసిందీ, సవర భాష నేర్చుకుందీ ఈ ఊళ్లోనే. కొట్లో తెలుగులో బేరమాడితే తెలుగులోనే జవాబు వస్తుంది. ఆఫీసు కాగితాలు మాత్రం ఒడియాలో ఉంటాయి, చదవడం నేర్చుకోక తప్పదు.

ఇది గజపతి జిల్లా కేంద్రం కాబట్టి కలెక్టరేటు, కాలేజీలు ఊళ్లోనే ఉన్నాయి. రాజావారు వేయించిన చిన్న రైలు ఇప్పుడు బ్రాడ్‌గేజ్ అయింది. నౌపడ వెళ్లి మెయిన్ లైన్ అందుకోవచ్చు. సరిహద్దు దాటగానే మన పాతపట్నం.

పెద్ద జబ్బు చేస్తే విశాఖకో బరంపురానికో పరుగెత్తాలి. గుండె జబ్బున్నవాళ్లు, తరచూ స్పెషలిస్టు అవసరమయ్యేవాళ్లు ముందు ఆ సంగతి తేల్చుకోండి. ఇల్లు కొనేముందు ఒక వానాకాలం అద్దెకు ఉండి చూడండి.