పెరుగన్నంలో కలిపిన మాత్ర

ప్రశ్న: మాది మదనపల్లె. బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. తమ్ముడికి 27 ఏళ్ళు, స్కిజోఫ్రీనియా (లేని గొంతులు వినపడే, లేని భయాలు పుట్టే మానసిక జబ్బు) అన్నారు. ఒళ్ళొస్తోందని, పొద్దున లేవలేకపోతున్నానని దానికిచ్చిన ఒలాంజపైన్ మాత్ర 5 నెలలకే మానేశాడు. ఎదురింటివాళ్ళు తిడుతున్నట్టు గొంతులు వినపడుతున్నాయని మళ్ళీ అంటున్నాడు. అమ్మ మాత్ర నూరి పెరుగన్నంలో కలిపి పెడుతోంది. ఆసుపత్రిలో మూడు గంటలు కూర్చుంటే డాక్టరు చూసేది ఐదు నిమిషాలు. పెళ్ళి చేస్తే కుదురుకుంటాడని బంధువులు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ పెరుగన్నం సంగతి. అమ్మగారిని తప్పుపట్టను, దిక్కుతోచక చేసిన పని. కానీ అతను సగం కంచంలో వదిలేస్తే లోపలికి ఎంత పోయిందో ఎవరికీ తెలియదు. డాక్టరేమో పూర్తి డోసు పడుతున్నా తగ్గలేదనుకుని మోతాదు పెంచేస్తారు. పైగా, తన మీద కుట్ర జరుగుతోందని భయపడేవాడికి అన్నంలో మాత్ర పొడి కనపడితే ఆ భయం నిజమైపోతుంది. ఇక ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టడు. అలాగని ఇవాళే ఆపేయకండి. ఈ వారంలోనే డాక్టరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఎలా మార్చాలో అడగండి.

మందు మానడానికి అతను చెప్పిన కారణాలు జబ్బు పలికించినవి కావు. ఒలాంజపైన్‌తో ఆకలి, మత్తు, బరువు, షుగరు పెరగడం తెలిసిన సంగతే. మొదట్లో, మూడు నెలలకు, ఆ తర్వాత ఏడాదికోసారి పరగడుపు షుగరు, కొలెస్ట్రాల్ చూడాలి. ఎవరూ రాయకపోతే మీరే అడగండి. దీనికి బదులు వాడే అరిపిప్రజోల్‌తో బరువు అంతగా పెరగదు, కానీ కొందరికి ఒకచోట కూర్చోలేనంత కాళ్ళ తహతహ పుడుతుంది. అది జబ్బు ముదరడం అనుకుని డోసు పెంచితే ఇంకా ఎక్కువవుతుంది. రోజూ మాత్ర దగ్గర గొడవైతే ఇంజెక్షన్ ఉంది. పాలిపెరిడోన్ అయితే మొదటి రోజు ఒకటి, వారం తర్వాత ఇంకొకటి, ఆపైన నెలకొకటి. పాతకాలపు ఫ్లూఫెనజైన్ 2 నుంచి 4 వారాలకోసారి. చవకే గానీ చేతులు వణకడం, ఒళ్ళు బిగుసుకోవడం ఎక్కువ. ఏదైనా అతన్నే అడగండి. ‘వేసుకున్నావా అని ఇక రోజూ అడగం’ అన్న మాట మీద ఒప్పుకునేవాళ్ళున్నారు.

ఐదు నిమిషాల బాధ నిజమే. చీటీ రాసి పంపాక మధ్యలో 29 రోజులు ఎలా ఉన్నాడని అడిగే నాథుడు లేడు. పెద్దాసుపత్రి ఓపీలో వచ్చిన ప్రతిసారీ కొత్త డాక్టరు. కాబట్టి ఆ గుర్తంతా మీరే మోయాలి. ఒక్క కాగితం మీద ఇలా రాసుకెళ్ళండి: ‘12వ తేదీ నుంచి నిద్ర 4 గంటలు. మాత్ర 9 రోజులు పడలేదు. బరువు 68 నుంచి 81. సిగరెట్లు రోజుకు 10. గొంతులు సాయంత్రం, వంటింటి వైపు నుంచి.’ సిగరెట్లెందుకంటే, ఆ పొగ ఒలాంజపైన్‌ను రక్తంలో తగ్గించేస్తుంది. ఉన్నట్టుండి మానేస్తే మత్తు పెరుగుతుంది. భాష దగ్గర ఇంకో చిక్కు. ‘చంపుతామంటున్నారు’ అని తమ్ముడు తెలుగులో అంటే, పక్కనున్నవాళ్ళు మొహమాటపడి ‘కొంచెం టెన్షన్’ అని కన్నడలోకి మార్చేస్తారు. తెలుగు వచ్చిన డాక్టరున్నారా అని కౌంటర్లో అడగండి. బెంగళూరులోని మానసిక వైద్యశాల నిమ్హాన్స్‌లో సైకియాట్రిక్ సోషల్ వర్క్ (కుటుంబంతో మాట్లాడి సాయపడేది), పునరావాస విభాగాలు విడిగా ఉన్నాయి. నోరు తెరిచి అడగందే అటు పంపరు.

ఇంట్లో ఆ తిట్ల గురించి వాదించొద్దు, తలూపొద్దు. ‘నాకు వినపడట్లేదురా, నీకు మాత్రం భయంగా ఉంటుంది కదా’ అంటే చాలు.

పెళ్ళి మందు కాదు. జబ్బు దాచి చేస్తే ఆ పెళ్ళి రద్దు కోరుతూ అమ్మాయి కోర్టుకెళ్ళవచ్చు.

కాస్త కుదురుగా ఉన్న రోజున అతని చేతే తెల్లకాగితం మీద, ‘నేను నిర్ణయించుకోలేని స్థితిలో మా అక్క నా నామినేటెడ్ ప్రతినిధి’ అని రాయించి సంతకం పెట్టించండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అది చెల్లుతుంది. తనకో ఇతరులకో ప్రమాదమయ్యే స్థితి వచ్చి, తను ఒప్పుకోకపోతే, సెక్షన్ 89 కింద మీ దరఖాస్తుతో 30 రోజుల వరకు ఆసుపత్రిలో చేర్చుకోవచ్చు. ఒక సైకియాట్రిస్టు, మరో నిపుణుడు విడివిడిగా చూసి సరేననాలి. వరసగా రెండు మూడు రాత్రులు నిద్ర లేదంటే అంతదాకా ఆగకండి, తర్వాతి అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా తీసుకెళ్ళండి. రాత్రివేళ సలహాకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416, తెలుగులోనూ మాట్లాడతారు. కత్తి పట్టుకున్నా, చచ్చిపోతానన్నా ఆ నంబరు కాదు, 112.