ఫ్రీలాన్సర్ రాసిన కోడ్‌తో చేసిన యాప్ అమ్మేముందు
బ్రదర్, మీ ఒంగోలు రొయ్యల చెరువుల యాప్‌ను హైదరాబాద్ కంపెనీ కొంటానంటోందని, కోడ్ రాసిన ఫ్రీలాన్సర్‌తో కాగితమేదీ లేదని రాశారు. టెన్షన్ వద్దు, కానీ ముందు ఆ పని చూడండి. ఉద్యోగి రాసింది మామూలుగా కంపెనీదే. బయటివాళ్లు రాసింది, డబ్బులిచ్చినా సరే, రాతపూర్వకంగా బదిలీ చేసేదాకా వాళ్లదే. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ చదవండి: బదిలీ పత్రంలో గడువు రాయకపోతే 5 ఏళ్లే, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. కాబట్టి "కాపీరైట్ ఉన్నంతకాలం, ప్రపంచమంతటా" అని రాయించి సంతకం తీసుకోండి.

కావలిలో నా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మేటప్పుడు ఈ రెండు ముక్కలు లేకే సంతకాల రోజు బేరం ఆగింది. దాని కోడ్ రాసిన కుర్రాడి కోసం సింగరాయకొండ దాకా బండేసుకుని వెళ్లాను. అతను మంచివాడు గనుక టీ కొట్టు బల్ల మీదే సంతకం పెట్టాడు.

గోప్యత ఒప్పందం లేకుండా సోర్స్ కోడ్ మాత్రం ఎవరికీ పంపొద్దు.