నాయిన డి-డైమర్ ఎర్రగా వచ్చింది, రక్తం పలుచన చేసే గోళీలు వెయ్యాలా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా నాయినకు 74 ఏండ్లు. పోయిన వారం జ్వరం, దగ్గు వచ్చి తగ్గినయి గానీ నీరసం పోలేదు. ల్యాబ్‌కు తీసుకుపోతే ప్యాకేజీలో డి-డైమర్ కూడా చేశారు. 0.68 వచ్చింది, నార్మల్ 0.50 లోపట అట. కాళ్ల వాపు, ఆయాసం ఏమీ లేవు. మెడికల్ షాపాయన రక్తం పలుచన చేసే గోళీలు వెయ్యమంటున్నడు. ఒకటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ గోళీలు వెయ్యకండి. ఈ వయసులో అవసరం లేకుండా వేస్తే కడుపులోనో మెదడులోనో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది, షాపులో అడిగి వేసుకునే మందులు కావవి.

ఒంట్లో గడ్డకట్టిన రక్తం కరిగేటప్పుడు మిగిలే ముక్కనే డి-డైమర్ అంటారు. జ్వరం, ఇన్ఫెక్షన్, ఆపరేషన్, కింద పడి తగిలిన దెబ్బ, క్యాన్సర్, వీటిలో దేనికైనా పెరుగుతుంది, ఏమీ లేకున్నా వయసుతో పాటు పెరుగుతూనే ఉంటుంది. అందుకే 50 దాటినవాళ్లకు డాక్టర్లు వయసును 10తో గుణించి హద్దు పెట్టుకుంటారు. మీ నాయినకు అది 740 నానోగ్రాములు, ఆయనకు వచ్చిన 0.68 మైక్రోగ్రాములంటే 680, అంటే హద్దు లోపలే. కాకపోతే డి-డైమర్‌ను రెండు రకాల యూనిట్లలో కొలుస్తారు, రిపోర్టులో అంకె పక్కన చిన్నగా ఎఫ్‌ఈయూ (FEU) అని ఉందా, డీడీయూ (DDU) అని ఉందా చూడండి. డీడీయూ అయితే 10తో కాదు, 5తో గుణించాలి. మీ ల్యాబ్ హద్దు 0.50 అంటున్నారు కాబట్టి ఎఫ్‌ఈయూనే అయి ఉంటుంది.

ఈ లెక్కను ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ ఉందేమోనన్న అనుమానంతో వచ్చినవాళ్ల మీద యూరప్‌లో పరీక్షించి 2014లో ఫలితాలు ప్రచురించారు. అనుమానం మరీ బలంగా లేని 75 దాటినవాళ్లలో, పాత 500 హద్దుతో (మీ ల్యాబ్ చెప్పిన 0.50 అదే) నూటికి ఆరుగురికే గడ్డ లేదని తేల్చగలిగితే కొత్త లెక్కతో ముప్పై మంది దాకా తేలారు. మిగతావాళ్లకు స్కాన్ తప్పదు, వాళ్లలో కూడా చాలామందికి గడ్డ ఉండదు.

అసలు ఏ లక్షణమూ లేని మనిషికి ఈ పరీక్ష చేయించడమే దండగ, కరోనా కాలంలో అంటుకున్న అలవాటు ఇంకా పోలేదు. అట్లని అంకె తక్కువుందని ధీమాగా కూర్చోవద్దు కూడా. ఒక కాలే వాచి పిక్క నొస్తున్నా, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చినా, దగ్గుతో రక్తం పడినా రిపోర్టు సంగతి వదిలేసి వెంటనే నల్లగొండ పెద్దాసుపత్రికి తీసుకుపోండి. అప్పుడు కాలికి డాప్లర్ స్కాన్, ఛాతీకి సీటీ స్కాన్ అవసరమా అన్నది డాక్టరు మనిషిని చూసి చెప్తారు.

నీరసానికి మాత్రం ఫిజీషియన్‌కు చూపించండి, హిమోగ్లోబిన్, షుగర్, క్రియాటినిన్ ఆ ప్యాకేజీలోనే ఉండి ఉంటాయి, ముందు అవి ఎంతున్నాయో చూడండి.