విచారణ సంఘాల్లో పనిచేయాలంటే లా చదవాల్సిందేనా?

ప్రశ్న: ఇంగ్లండ్‌లో పబ్లిక్ పాలసీలో ఎం.ఏ. చేస్తున్నాను. పిల్లలపై ముఠాల లైంగిక దాడుల మీద జాతీయ విచారణ కోరుతూ ఒక బిల్లుకు తెచ్చిన సవరణ 2025 జనవరిలో బ్రిటన్ పార్లమెంటు దిగువ సభ కామన్స్‌లో 364–111 ఓట్లతో వీగిపోయింది. కౌన్సిళ్ల (స్థానిక పాలక సంస్థల) నిర్లక్ష్యాన్ని తవ్వితీసే ఇలాంటి పనే చేయాలని ఉంది. లా చదవలేదు. అవకాశం ఉంటుందా?

జవాబు: ఉంటుంది. ఇంగ్లండ్‌లోని రోదరమ్ పట్టణంలో పిల్లలపై జరిగిన ఇలాంటి దాడుల మీద 2014లో నివేదిక ఇచ్చిన అలెక్సిస్ జే లాయర్ కాదు, సోషల్ వర్కర్. 1997–2013 మధ్య అక్కడ కనీసం 1,400 మంది పిల్లలు బలయ్యారని అంచనా కట్టింది ఆవిడే. ఆ తర్వాత రోదరమ్ కౌన్సిల్‌ను తనిఖీ చేసిన లూయీస్ కేసీ నిరాశ్రయుల కోసం పనిచేస్తూ పైకొచ్చారు. ఆ తనిఖీతో 2015లో కౌన్సిల్ పగ్గాలు ప్రభుత్వం పంపిన కమిషనర్ల చేతికి వెళ్లాయి.

ఓటు ఫలితం చూసి డీలా పడకండి. 2005 నాటి విచారణల చట్టం కింద విచారణ వేసేది మంత్రి, పార్లమెంటు ఓటు కాదు. జనవరిలో కాదన్న ప్రభుత్వమే, ఈ దాడులపై కేసీ చేసిన జాతీయ ఆడిట్ వచ్చాక అదే ఏడాది జూన్‌లో సరేనంది. అయితే విచారణ ముగిస్తే ఆ ఆఫీసూ మూతపడుతుంది. అందుకే మొదటి ఉద్యోగానికి నేనైతే లోకల్ గవర్నమెంట్ అండ్ సోషల్ కేర్ అంబుడ్స్‌మన్ వైపు చూడమంటాను. కౌన్సిళ్లపై ఫిర్యాదుల్ని రోజూ విచారించేది వాళ్లే. లెక్కలంటే భయం లేకపోతే సిప్ఫా (ప్రభుత్వ సంస్థల లెక్కలు చూసే అకౌంటెంట్ల సంస్థ) ఇచ్చే అర్హత కూడా మంచి దారి. కౌన్సిళ్ల ఆడిట్లు ఏళ్ల తరబడి పేరుకుపోయాయి, చేసేవాళ్లు చాలడం లేదు.

ఒక్కటి ముందే చెప్పాలి. టీవీలో కనిపించేది సాక్షుల్ని నిలదీయడం. దాని వెనక నెలల తరబడి మీటింగ్ మినిట్స్, ఈమెయిళ్లు, కేసు ఫైళ్లు చదివేవాళ్లుంటారు. బోర్ కొడుతుంది. కొన్ని ఫైళ్లు చదివాక నిద్ర కూడా పట్టదు. మీకు సరిపోతుందో లేదో తేల్చుకోవాలంటే జే నివేదికలో ఒక అధ్యాయం తీసుకోండి. ఎవరికి, ఎప్పుడు, ఏం తెలిసింది, తెలిశాక ఏం చేశారు అన్నది ఒక్క పేజీలో రాయండి. కోపం మాటలన్నీ తీసేయండి. మిగిలిన పేజీ మీకు నచ్చితే అప్లై చేయండి.

ఇక వీసా. మీరు భారత పౌరులైతే, పనిచేసే హక్కు ఉన్నంతవరకు కామన్వెల్త్ పౌరులుగా, బ్రిటన్ పౌరులకే కేటాయించిన (రిజర్వ్‌డ్) పోస్టులు కాక మిగతా సివిల్ సర్వీస్ పోస్టులకూ అర్హులే. చదువయ్యాక పనిచేసుకోవడానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా ముగిశాక ఉద్యోగమిచ్చినవాళ్లు వర్క్ వీసాకు స్పాన్సర్ చేస్తారా అన్నది మాత్రం దరఖాస్తుకు ముందే అడగండి, ఇంటర్వ్యూ అయ్యాక కాదు.